ఉద్గారాల కోతలో ఇండియా వాటా ఎంత ఉండాలి?

పెరంబూరు వాసి:

నిన్న మన చెన్నై తెలుగువాళ్ల గ్రూపులో ఒకరు ఇలా రాశారు: "ఏటా గాలిలోకి వదిలే కార్బన్ ఉద్గారాల్లో చైనా, అమెరికా తర్వాత మూడో స్థానం మనదే. కాబట్టి అందరికంటే ముందు తగ్గించుకోవాల్సిన వాళ్లలో మనమూ ఉన్నాం." చాలామంది అవునన్నారు. నాకు మాత్రం ఈ మాట మింగుడుపడలేదు. అందుకే ఇక్కడ విడిగా చర్చకు పెడుతున్నాను.

మూడో స్థానం నిజమే. కానీ ఆ మొత్తాన్ని 140 కోట్ల మందికి పంచి చూడండి. మనిషికి ఏడాదికి దాదాపు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అమెరికాలో అది 14 టన్నుల చుట్టూ, చైనాలో 8 టన్నుల చుట్టూ ఉంది. పైగా ఈ వాయువు ఈ ఏడాది వదిలితే ఈ ఏడాదే పోయేది కాదు, వందల ఏళ్లు గాలిలో ఉండిపోతుంది. పారిశ్రామిక విప్లవం నుంచి ఇప్పటిదాకా పోగుపడినదాంట్లో అమెరికా వాటా దాదాపు నాలుగో వంతు. మనది 3, 4 శాతం. 1992లో రియోలో 150కి పైగా దేశాలు సంతకం పెట్టిన వాతావరణ ఒప్పందంలోనే ఉంది: బాధ్యత అందరిదీ, కానీ అందరిదీ ఒకే మోతాదులో కాదు. ఆ తర్వాత 1997లో క్యోటోలో సంపన్న దేశాలు లెక్క ప్రకారం కోతకు ఒప్పుకున్నాయి. దానికి కొన్ని నెలల ముందే, వర్ధమాన దేశాలకూ కోతలు పెట్టని ఒప్పందం మాకొద్దని అమెరికా సెనేట్ 95-0 ఓట్లతో తీర్మానం చేసింది. చివరికి అమెరికా క్యోటోను ఆమోదించనే లేదు. ఇంత జరిగాక కూడా ముందు మనమే తగ్గాలనడం న్యాయమా?

వేళచ్చేరి:

పెరంబూరు వాసి గారూ, మీ అంకెలతో నాకు పేచీ లేదు. కానీ 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు మా వీధిలో నీళ్లు రోజుల తరబడి కదల్లేదు. మా అమ్మను పడవలో ఎక్కించాల్సి వచ్చింది. ఆ వయసులో ఆవిడ పడిన భయం నేను కళ్లారా చూశాను. సముద్రం వేడెక్కితే ముందు దెబ్బ తగిలేది ఇలాంటి ఊళ్లకే. మన వాటా ఇంకా మిగిలే ఉందని లెక్క చూపిస్తే తుఫాను ఆగదు కదండీ.

రెండో సంగతి. 1990కి ముందు ఈ ప్రమాదం మామూలు జనానికి తెలియదు. తెలియక చేసినదానికి మనవళ్ల దగ్గర వసూలు చేస్తామా?

మూడోది మనకు బాగా తెలిసిందే. నియోజకవర్గాల పునర్విభజన జనాభా ప్రకారం చేస్తే దక్షిణాదికి అన్యాయం అని ఇక్కడ తమిళులూ, అక్కడ మనవాళ్లూ గట్టిగా వాదిస్తున్నాం. జనాభాను అదుపు చేసినవాళ్లకు శిక్షా అని అడుగుతున్నాం. మరి ఉద్గారాల దగ్గరికి వచ్చేసరికి తలసరి లెక్కే న్యాయం అని ఎలా అంటాం?

పెరంబూరు వాసి:

మూడో ప్రశ్న చాలా మంచి ప్రశ్న. లోక్‌సభ సీట్లను రాష్ట్రాల మధ్య పంచడానికి 1971 జనాభా లెక్కలనే ఆధారంగా ఉంచారు కదా. ఉద్గారాల వాటాకూ అలాగే ఒక సంవత్సరం జనాభాను ఖరారు చేయొచ్చు. వాతావరణ చర్చల్లో ఈ సూచన ఎప్పటినుంచో ఉంది. అదే 1971ని తీసుకోండి. అప్పటి ప్రపంచ జనాభాలో మనం సుమారు 15 శాతం. ఇప్పుడు 17 శాతం పైన. తేడా రెండు మూడు శాతమే. పోగుపడినదాంట్లో మన 3, 4 శాతం పక్కన పెట్టి చూస్తే మన వాదన అప్పటికీ చెక్కుచెదరదు.

ఇక తెలియక చేసిన సంగతి. 1850 నుంచి 2019 దాకా మనుషులు వదిలిన కార్బన్ డయాక్సైడ్‌లో 42 శాతం 1990 నుంచి వదిలిందే అని ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ చెప్పింది. పాతదంతా మాఫీ చేసి 1990 నుంచే లెక్క కట్టినా, తలసరి చూస్తే అమెరికావాడు మనకు అందనంత పైన ఉంటాడు. తెలిశాక చేసిన ఖర్చుకైనా జవాబు చెప్పాలి కదా.

అంబత్తూరు:

మీరంతా దేశాల గురించి మాట్లాడుతున్నారు, నేను బోల్టుల గురించి చెబుతాను. మాది చిన్న యూనిట్, సరుకులో కొంత యూరప్ వెళుతుంది. తయారీలో వెలువడిన కార్బన్‌ను బట్టి దిగుమతుల మీద వేసే పన్ను అక్కడ ఉంది, కార్బన్ సరిహద్దు పన్ను అంటారు. 2023 అక్టోబర్ నుంచి దాని కోసం కొనేవాళ్లు ఎక్సెల్ ఫారం పంపడం మొదలుపెట్టారు. టన్ను బోల్టులకు ఎంత ఉద్గారం, వైర్ రాడ్ ఏ మిల్లుది, ఆ మిల్లులో ఏ ఫర్నేస్. మేం రాడ్ కొనేది డీలర్ దగ్గర. మిల్లు లెక్క డీలర్‌కే తెలియదు, నాకెలా తెలుస్తుంది? లెక్క ఇవ్వకపోతే వాళ్లు వేసే అంకె మా అసలు అంకె కంటే ఎక్కువే ఉంటుందన్న టెన్షన్. 2026 నుంచి అసలు పన్నే మొదలైంది. ఆ డబ్బు వెళ్లేది యూరప్ ఖజానాకి. మా ఫర్నేస్ మార్చుకోవడానికి అందులో ఒక్క రూపాయి రాదు. రియోలో ఒప్పుకున్న తేడా ఈ ఫారంలో ఏ గడిలో ఉందో చెప్పండి.

డబ్బు సంగతీ అంతే. వర్ధమాన దేశాలకు 2020 కల్లా ఏటా 10,000 కోట్ల డాలర్లు ఇస్తామని 2009లో కోపెన్‌హేగన్ వాతావరణ సదస్సులో సంపన్న దేశాలు చెప్పి, 2022లో గానీ ఆ అంకె చేరలేదు. అందులోనూ ఎక్కువ భాగం అప్పులే.

మీంజూరు:

అందరిదీ చదివాను. పెరంబూరు వాసి గారి లెక్క సరైనదే. 1991లోనే ఢిల్లీలో పర్యావరణవేత్తలు అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ ఈ మాట ప్రపంచానికి చెప్పారు: వరి మడిలోంచి వచ్చే మీథేన్‌నూ, కార్ల పొగనూ ఒకే గాటన కట్టడం అన్యాయం అని. తిండి కోసం వచ్చేది వేరు, విలాసం కోసం వచ్చేది వేరు. ఈ మాట మన దేశం లోపల కూడా వర్తిస్తుంది, కానీ మనం దాన్ని బయటి దేశాలతో వాదనకే వాడుతున్నాం.

నేనుండేది థర్మల్ ప్లాంట్ల పక్కన. బూడిద నీళ్లను తీసుకెళ్లే పైపులు కొసస్థలైయార్ నది మీదుగా పోతాయి. పైపు కారిన చోట నది అడుగున బూడిద సిమెంటు పూసినట్టు గట్టిపడి ఉంటుంది. ఇరులర్ తెగ ఆడవాళ్లు మోకాళ్ల మీద నీళ్లలో పాకుతూ, చేతులతో బురదలో తడిమి రొయ్యలు పట్టేవాళ్లు. బూడిద ఉన్న చోట చెయ్యి దిగదు. ఇంకా లోపలికి, లోతుకి పోవాలి. సాయంత్రం వాళ్ల బుట్టలో ఏముందో చూస్తే తెలుస్తుంది.

మన 2 టన్నుల సగటు అంత తక్కువగా ఉందంటే ఇలాంటి వాళ్ల పుణ్యమే. వాళ్ల తలలు లెక్కలో ఉన్నాయి, వాళ్లు కాల్చింది దాదాపు ఏమీ లేదు. ఆ ఖాళీలో ఏసీలు వేసుకునేది అడయారులో, అన్నానగర్‌లో ఉన్నవాళ్లు. నేనూ వేసుకుంటాను. ఇక్కడ తమిళనాడులో 2016లో ఇంటి కరెంటు రెండు నెలలకు మొదటి 100 యూనిట్లు ఉచితం చేశారు, అది గుడిసెకీ ఇచ్చారు, నాలుగు ఏసీల ఫ్లాటుకీ ఇచ్చారు. బాకూలో 2024లో జరిగిన వాతావరణ సదస్సులో సంపన్న దేశాలు ఇస్తామన్న డబ్బు చాలదని మన ప్రతినిధి వేదిక మీదే నిలదీశారు. ఆమె అన్నది నూటికి నూరు పాళ్లు న్యాయం. అలాంటప్పుడు పేదవాడి పేరు చెప్పి అడిగిన వాటా పేదవాడికే చేరాలని ఇక్కడా నిలదీయాలి. పెద్ద వాడకందారులకు ఆ ఉచితం తీసేయాలి, ఆ డబ్బుతో ముందు ఈ పైపులు మార్చాలి.

వేళచ్చేరి:

దీనికి నేను ఒప్పుకుంటాను. కాకపోతే ఉచితం తీసేసినంత మాత్రాన ఏసీ ఎవరూ ఆపరు. పైన వాడే యూనిట్ల రేటు కూడా పెంచాలి.

అంబత్తూరు:

ఇళ్లకు పెంచండి. చిన్న యూనిట్ల జోలికి మాత్రం రావొద్దు. మా బిల్లు ఇప్పటికే నడ్డి విరుస్తోంది.

మీంజూరు:

చిన్న యూనిట్లను నేను అడగలేదండీ. రెండు నెలలకు 500 యూనిట్లు దాటే ఇళ్ల గురించే నా మాట. అంతకంటే తక్కువ గీత గీయాలనేవాళ్లు ఉంటే కారణం చెప్పండి, మాట్లాడుకుందాం.