పాత కారు సీట్లు: ఫోము, రెక్సిన్ రెండూ మార్చాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

పాతరథం అడిగినది:

1960ల నాటి కారు. ముందు రెండు విడి సీట్లు, వెనక ఒకటే బెంచి. ముందు సీట్లలో కూర్చుంటే మనిషి గుంటలోకి దిగిపోతున్నాడు. డ్రైవరు సీట్లో ఎడమ తొడ కింద ఏదో గుచ్చుకుంటోంది. సీటు కింద నేలంతా పసుపురంగు పొడి. రెక్సిన్ కుట్ల వెంట చీలింది కానీ మధ్యలో ఉన్న మడతల ప్యానెల్ బాగానే ఉంది. అడుగునుంచి చూస్తే వంకీ స్ప్రింగులు, వాటి మీద గోనెగుడ్డ, ఆపైన సుమారు 5 సెం.మీ. ఫోము కనిపిస్తున్నాయి.

ఫోము ఎంత మందం, ఎంత గట్టిది కొనాలి? పాత కవరు విప్పి దాన్నే కొలతగా పెట్టి కొత్తది కత్తిరించవచ్చా? ఇంట్లో బట్టలు కుట్టే మిషను సరిపోతుందా? కొంచెం వివరంగా చెప్పండి.

ఇనుపచట్రం:

ఫోము సంగతి తర్వాత. మీకు గుచ్చుకునేది ఫోము కాదు, స్ప్రింగు. గోనెగుడ్డ చిరిగినచోట స్ప్రింగు పైకి పొడుచుకొచ్చింది. దాన్ని సరిచేయకుండా ఎంత మంచి ఫోము వేసినా కొన్నాళ్లకే రంపంలా కోసేస్తుంది.

విప్పకముందే రెండు పనులు. సీటు ముందు అంచు, మధ్య, వెనక భాగం నేలనుంచి ఎంత ఎత్తులో ఉన్నాయో కొలిచి రాసుకోండి. ఎవరూ పెద్దగా కూర్చోని సీటు ఉంటే దాని కొలతే అసలు కొలత. రెండోది, రెండు సీట్లూ ఒకేసారి విప్పకండి. ఒకటి పూర్తయి బండిలోకి ఎక్కేదాకా రెండోది నమూనాగా ఉండాలి. ఫొటోలు ఎన్ని తీసినా కవరు అంచు చట్రం చుట్టూ ఎటునుంచి ఎటు తిరిగిందో, ఏ రింగు ఏ తీగకు పట్టిందో చేత్తో తడిమి చూసుకున్నట్టు ఉండదు.

కవరును చట్రానికి పట్టి ఉంచే ఇనుప రింగులను (హాగ్ రింగులు) కటింగ్ ప్లయరుతో తుంచేయండి, మళ్లీ వాడేవి కావు. కానీ కవరు కుట్టులోని గొట్టంలాంటి మడతలో దూర్చిన సన్నటి కడ్డీలను పారేయొద్దు. వాటి పొడవు, వంపు ఆ సీటుకే సరిపోయేలా చేసినవి. తుప్పు రుద్ది తిరిగి వాడొచ్చు, మరీ తినేసి ఉంటే అదే మందం తీగను అదే వంపుతో వంచుకోవాలి. ముక్కుకు మాస్కు పెట్టుకోండి, ఆ పొడితోపాటు బూజు కూడా లేస్తుంది.

విరిగిన వంకీ స్ప్రింగుకు వెల్డింగ్ పెట్టొద్దు. ఆ వేడికి ఉక్కు పదును పోతుంది, అతుకు పక్కనే మళ్లీ విరుగుతుంది. అదే మందం, అదే పొడవు ఉన్న కొత్తది వేయాలి. సాగి వేలాడుతున్నదాన్నీ అంతే. స్ప్రింగు కొన చట్రంలో కూర్చునే క్లిప్పులో చిన్న తోలుముక్కో, ప్లాస్టిక్ తొడుగో పెడితే కిర్రుమనదు. తుప్పంతా తీగబ్రష్షుతో రుద్ది, తుప్పు ప్రైమరు, పైన రంగు. రంగు పూర్తిగా ఆరి వాసన పోయాకే ఫోము పెట్టండి.

స్ప్రింగుల మీద కొత్త గోనెగుడ్డ లేదా గట్టి కాన్వాసు బిగుతుగా లాగి, చుట్టూ 4-5 సెం.మీ.కి ఒక రింగు చొప్పున చట్రం తీగకు కట్టండి. దాని మీద 6-10 మి.మీ. మందం ఉన్న ఫెల్టు (పీచు అదిమి చేసిన దళసరి గుడ్డ) పరవాలి. ఈ ఫెల్టు దండగ అనుకుని మానేసేవాళ్లే ఎక్కువ. బరువును పక్కపక్క స్ప్రింగులకు పంచేది అదే.

ఇదే పని వేరే బండి మీద చేసేవాళ్లకు ఒక మాట. ఫోక్స్‌వాగన్ బీటిల్ లాంటి వాటిలో స్ప్రింగుల మీద ఫోముకు బదులు రబ్బరు పట్టించిన గుర్రపు వెంట్రుకల ప్యాడు గానీ కొబ్బరిపీచు ప్యాడు గానీ ఉంటుంది. నొక్కి వదిలితే పైకి లేస్తోందంటే దాన్ని ఉంచేయడమే మేలు, గాలి ఆడుతుంది, ఆకారం కూడా కవరుకు తగ్గట్టే ఉంటుంది. కొన్ని బ్రిటిష్ కార్లలో స్ప్రింగులకు బదులు పిరెల్లి రబ్బరు పట్టీలుంటాయి. పట్టీని వంచి చూస్తే పగుళ్లు కనిపిస్తే అన్నీ మార్చాలి. కొత్తవాటిని సుమారు 10 శాతం సాగదీసి బిగిస్తారు, వదులుగా పెడితే మళ్లీ గుంటే.

స్పాంజిశాస్త్రం:

పైన చెప్పినదంతా సరే. ఇక ఫోము.

దుకాణంలో అందరూ సాంద్రత ఒక్కటే అడుగుతారు. సాంద్రత వేరు, గట్టిదనం వేరు. సాంద్రత అంటే ఘనమీటరుకు ఎన్ని కిలోలని, అది ఎన్నేళ్లు నిలుస్తుందో చెబుతుంది. గట్టిదనం మరో కొలత. 10 సెం.మీ. మందం ఉన్న ముక్కను నాలుగోవంతు లోపలికి నొక్కడానికి ఎంత బలం పట్టిందో చూస్తారు. సాంద్రత ఎక్కువై మెత్తగా ఉండే ఫోమూ ఉంది, సాంద్రత తక్కువై రాయిలా తగిలేదీ ఉంది. రెండోది కొత్తలో బాగుందనిపించి తొందరగా చదునైపోతుంది.

కూర్చునే భాగానికి 50 కిలోలు, ఆపైన ఉన్న హెచ్‌ఆర్ రకం (హై రెసిలియన్స్, అంటే నొక్కి వదలగానే పైకి లేచేది), మధ్యస్థ గట్టిదనం. వీపుకు 30-35 కిలోలు, అంతకన్నా మెత్తగా. పక్కన తొడలను ఆపే గట్లకు మాత్రం గట్టిది కావాలి, ఎక్కీ దిగీ నలిగేది అక్కడే. ముక్కలు కలిపి అదిమి చేసిన రీబాండెడ్ ఫోము ఆ గట్లకు బాగుంటుంది, కూర్చునే పైభాగానికి వద్దు. మెమరీ ఫోము జోలికి అసలు పోవద్దు. అది చలికి బిగుసుకుంటుంది, ఎండలో నిలిపిన కారులో మెత్తబడి లొత్తలు పడుతుంది.

మీరు చూసిన 5 సెం.మీ. నలిగిపోయిన మందం. ఎవరి బరువూ పడని వెనక మూల దగ్గర కొలవండి, అసలు మందం అక్కడ దొరుకుతుంది. ఆ లెక్క మీదే వెళ్లండి. ఇంకొంచెం మెత్తగా ఉంటుందని 2-3 సెం.మీ. కలిపితే తల పైకప్పుకు, తొడలు స్టీరింగుకు తగులుతాయి, పైగా కవరు అంచులు చట్రానికి అందవు.

ఆ పసుపు పొడి పాలీయురెథేన్ ఫోము తేమకూ గాలికీ విరిగిపోవడం. ఈస్టర్ రకం ఫోము తేమకు తొందరగా పాడవుతుంది, ఈథర్ రకం తట్టుకుంటుంది. కొనేటప్పుడు ఈథర్ రకమేనా అని అడగండి. మంట సంగతి కూడా అడగాలి. అమెరికా వాహన ప్రమాణం ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 302 ప్రకారం కారు లోపలి సామగ్రి మీద మంట నిమిషానికి 102 మి.మీ. కన్నా వేగంగా పాకకూడదు. సోఫాల కోసం అమ్మే ఫోము ఆ పరీక్షకు నిలుస్తుందన్న నమ్మకం లేదు.

కోయడానికి మాంసం కోసే కరెంటు కత్తి బాగుంటుంది, లేకపోతే పొడవాటి రొట్టె కత్తి. గీత పైనా కిందా రెండు వైపులా గీసుకుని కత్తిని నిలువుగా పట్టాలి, లేకుంటే అడుగుభాగం ఏటవాలుగా పోతుంది. కవరు లోపలి కొలతకన్నా చుట్టూ 10-12 మి.మీ. ఎక్కువ ఉంచండి, కవరు నిండుగా కనిపించేది ఆ అదనంతోనే. అంచులు గుండ్రం చేయడానికి 40 నంబరు గరుకు కాగితం చాలు.

జిగురు వేడిని తట్టుకునే కాంటాక్ట్ రకమే కావాలి. ఎండలో మూసి ఉన్న కారులో సీటు పైభాగం 60 డిగ్రీలు దాటడం మామూలే, మామూలు స్ప్రే జిగురు అక్కడ వదిలేస్తుంది. రెండు ముఖాలకూ కొట్టి, చేతికి అంటకుండా జిగటగా అయ్యాక అతకాలి. గాలి ఆడేచోట, నిప్పుకు దూరంగా. పొరల మధ్య అంతటా జిగురు పూయొద్దు. ఎండిన జిగురు పొర గట్టిపడి కూర్చున్నప్పుడు తెలుస్తుంది. చుట్టూ అంచుల వెంట వేస్తే చాలు.

అన్నిటికన్నా ఎక్కువమంది మరిచేది: కవరు మధ్యలో లోపలికి లాగి ఉండే గాడులు. కొత్త ఫోములో ఆ గాడి కోసి, అడుగున కాన్వాసు పట్టీతో కలిపి ఒక తీగ అతికించాలి, కవరు రింగులు ఆ తీగను పట్టుకుంటాయి. నేరుగా ఫోముకే రింగు గుచ్చితే వారం తిరక్కుండా చీల్చుకుని బయటికొస్తుంది.

వంకరటాకా:

కుట్టు గురించి నేను చెబుతాను.

పాత కవరును నమూనాగా వాడొచ్చు, కానీ నమ్మకూడదు. రెక్సిన్ కొన్నిచోట్ల కుంచించుకుపోయి, కొన్నిచోట్ల సాగి ఉంటుంది. కుట్లు విప్పకముందే ప్రతి జంట ముక్క మీదా 5-7 సెం.మీ.కి ఒక అడ్డగీత, మధ్య గుర్తు, ఎడమో కుడో, ఏది పైవైపో రాయండి. విప్పిన ముక్కను దళసరి కాగితం మీద పెట్టి గీసి, మధ్యలో మడిచి రెండు సగాలూ కలుస్తున్నాయా చూడండి. కలవకపోతే తక్కువ నలిగిన సగాన్ని ప్రమాణంగా తీసుకోండి. డ్రైవరు సీట్లో అది సాధారణంగా తలుపుకు దూరంగా ఉన్న సగం. కుట్టు అంచు అంతటా ఒకటే పెట్టుకోండి, 12 మి.మీ. అయితే హాయి.

ఇంటి మిషనుతో రెండు పొరలు కుట్టవచ్చేమో గానీ పైపింగ్ (కుట్టు వెంట తాడు చుట్టి పెట్టే గుండ్రటి అంచు) దగ్గర నాలుగు పొరలు కలిసేచోట సూది ఆగిపోతుంది, పైపొర జారి గుర్తులు తప్పుతాయి. పాదం కూడా బట్టతోపాటు నడిచే వాకింగ్ ఫుట్ మిషను కావాలి. అద్దెకైనా తెచ్చుకోండి. లేదంటే కత్తిరించి, గుర్తులు పెట్టి, కుట్టు మాత్రం సీట్లు కుట్టేవాళ్లకు ఇవ్వండి. కత్తిరింపు సరిగ్గా ఉంటే కుట్టడం పెద్ద పని కాదు.

దారం బాండెడ్ పాలిస్టర్, ఎండకు నైలాన్ కన్నా బాగా ఓర్చుకుంటుంది. నూలు దారం వద్దు, చెమటకు కుళ్లుతుంది. సూది 18 నంబరు. టాకా 4 మి.మీ. దగ్గర ఉంచండి. చిన్న టాకా గట్టిదని చాలామంది అనుకుంటారు. రెక్సిన్‌లో అది తిరగబడుతుంది. దగ్గరదగ్గర చిల్లులు పడి ఆ గీత వెంటే చిరుగుతుంది. మీ పాత కవరు కుట్ల వెంట చీలిందన్నారు కదా, టాకా పొడవు ఒకసారి కొలిచి చూడండి.

మడతల ప్యానెల్ పాతది వాడాలని ఉంటే పాత చిల్లుల్లోనే సూది దిగాలి. అది ఓపిక పని, పైగా కొత్త రెక్సిన్ పక్కన రంగు తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కొత్తదే చేయండి. వెనక గుడ్డ ఉన్న 6-10 మి.మీ. ఫోము మీద రెక్సిన్ పెట్టి గీతలు కుట్టాలి. ప్రతి గీత కొంత వెడల్పు తినేస్తుంది. అందుకే ముందు పెద్ద ముక్క మీద గీతలన్నీ కుట్టి, ఆ తర్వాతే కాగితం నమూనా పెట్టి కత్తిరించాలి. ముందే కొలతకు కోసి కుట్టినవాళ్ల ప్యానెల్ ఎప్పుడూ రెండు వేళ్లు చిన్నదవుతుంది.

రెక్సిన్ 137 సెం.మీ. పన్నాలో వస్తుంది. ముందు సీటుకు ఒక్కోదానికి 2 మీటర్లు, వెనక బెంచికి 3-3.5 మీటర్లు, పైపింగ్, తప్పులకు ఇంకో మీటరు. అన్నీ ఒకే రోలునుంచి తీసుకోండి. తోలైతే 1.1-1.3 మి.మీ. మందం ఉండాలి, మచ్చలు, పొట్టభాగం పోగా నాలుగోవంతు వృథా లెక్క వేసుకోండి.

@స్పాంజిశాస్త్రం, ఒక్క మాట ఒప్పుకోను. 10-12 మి.మీ. ఎక్కువ కోయడం గట్టి ఫోముకు నప్పదు. గట్లకు రీబాండెడ్ వాడితే 5 మి.మీ. మించకూడదు, లేకపోతే ఆ ఒత్తిడంతా మూల కుట్టు మీద పడుతుంది.

స్పాంజిశాస్త్రం:

గట్ల వరకు మీరన్నదే సరి. నేను చెప్పింది మధ్య మెత్త భాగానికి.

పాతరథం:

చాలా థాంక్స్ అందరికీ. ఫోము, గోనె, ఫెల్టు అయ్యాయి. కవరు కుట్టించి ఊరికే తొడిగి చూశాను. ముందు మూలలు రెండూ ముడతలు పడుతున్నాయి, ఫోము మీద రెక్సిన్ పట్టేసి కిందికి దిగట్లేదు. ఇంకా లాగితే కుట్టు పోతుందేమోనని ఆపేశాను.

ఇనుపచట్రం:

ఆపడం మంచిదైంది. మూలలనుంచి మొదలుపెట్టి ఉంటారు, లేదా వాడింగ్ (దూదిలాంటి మెత్తటి పొర) వేసి ఉండరు.

ఫోము మీద 10-12 మి.మీ. పాలిస్టర్ వాడింగ్ కప్పి, అంచుల్లో మాత్రమే జిగురు అంటించండి. కవరు దాని మీద జారుతుంది, చిన్న చిన్న గుంటలు నిండుతాయి. మూలల్లో వాడింగ్‌ను మడవొద్దు, త్రికోణంగా కోసి అంచు అంచుకు కలపండి. అప్పటికీ పట్టేస్తే ఫోమును పల్చటి పాలిథిన్ సంచిలో పెట్టి వాక్యూమ్ క్లీనరుతో గాలి లాగేయండి. ఫోము సన్నబడుతుంది, కవరు సులువుగా ఎక్కుతుంది. తర్వాత సంచిని చింపి లాగేయాలి. లోపల వదిలేస్తే కదిలినప్పుడల్లా చప్పుడు, చెమట కూడా ఆరదు.

బిగించేముందు రెక్సిన్‌ను ఎండలో గానీ హెయిర్ డ్రయ్యరుతో గానీ వెచ్చబెట్టండి. చేత్తో తాకగలిగే వేడి చాలు. హీట్ గన్ దగ్గరగా పెడితే మెరుపు మచ్చ పడుతుంది, అది పోదు. ముందు మధ్య గాడుల రింగులు, తర్వాత ముందు అంచు నడిమధ్య ఒకటి, దానికెదురుగా వెనక నడిమధ్య ఒకటి, ఆపైన పక్కలు. అక్కడినుంచి మధ్యనుంచి మూలలవైపు జరుగుతూ రావాలి. మూలలు చిట్టచివర. మొదటి విడత రింగులు 10 సెం.మీ. దూరంలో పెట్టి, గీతలు తిన్నగా ఉన్నాయో లేదో దూరంగా నిలబడి చూసుకుని, తర్వాత మధ్యలో నింపండి.

మూలలో ముడత ఇంకా ఉంటే లాగే ముందు లోపల వేలుపెట్టి కుట్టు అంచు ఎటు పడుకుందో చూడండి. పైపింగ్ అంచు అంతా ఒకేవైపు, కిందికి పడుకోవాలి, మెలిపడితే ఎంత లాగినా ముడత పోదు. వంపులో కుట్టు అంచుకు సెంటీమీటరుకు ఒక చిన్న గాటు పెట్టారా? టాకాకు 3 మి.మీ. దూరంలో ఆగాలి. అదీ సరిగ్గా ఉంటే అక్కడ ఫోము తక్కువైందన్నమాట. గుప్పెడు వాడింగ్ కుక్కితే నిండుతుంది.

ఒకటి రెండు సన్నటి ముడతలు మిగిలితే వదిలేయండి. కొత్త ఫోము వాడకంలో కొద్దిగా సర్దుకుంటుంది, రెక్సినూ సర్దుకుంటుంది. నెల తర్వాత కూడా ఉంటే అడుగు రింగులు నాలుగు తీసి మళ్లీ లాగొచ్చు. అందుకే అడుగున మిగులు రెక్సిన్‌ను ఇప్పుడే కోసేయకండి, 3 సెం.మీ. వదలండి.

సీటు తిరిగి ఎక్కించేటప్పుడు పట్టాలకు పాత గ్రీజు తుడిచి కొత్తది రాయండి, బోల్టు మరలు తిన్నగా ఉన్నాయా చూడండి, నేల రేకు ఆ బోల్టుల చుట్టూ తుప్పు పట్టిందేమో కిందనుంచి తప్పక చూడండి. ఇక వెనక బెంచి మొదలుపెట్టేముందు అడుగు రేకు మీద తడి ఉందో లేదో తడమండి. వెనక అద్దం రబ్బరు కారుతుంటే ముందు అది ఆపాలి, లేకపోతే కొత్త గోనె, ఫెల్టు నీళ్లు పీల్చుకుని స్ప్రింగులు మళ్లీ తుప్పు పడతాయి.