నాన్నకు దాహమే వేయదట, ఈ ఎండల్లో ఒక్కరే ఉంటున్నారు. ఏం చేయమంటారు?

నీలిగాలి అడిగిన ప్రశ్న

మా నాన్నకు 74 ఏళ్లు. అమ్మ పోయాక ఒక్కరే ఉంటున్నారు. చివరి అంతస్తు, పైకప్పు పగలంతా కాగుతూనే ఉంటుంది. నేను గంటన్నర ప్రయాణం దూరంలో ఉన్నాను. మూడు రోజులుగా ఎండ 43 డిగ్రీలు దాటుతోంది. ఫోన్ చేసి "నాన్నా, నీళ్లు తాగుతున్నావా?" అంటే "దాహం వేస్తే తాగనా అమ్మా, నేనేమన్నా చిన్నపిల్లాడినా?" అంటారు. ఏసీ లేదు. గాలి ఆడాలని కిటికీలన్నీ బార్లా తెరిచి ఫ్యాన్ కింద కూర్చుంటారు. బీపీకి వేసుకునే మాత్రల్లో ఒకటి ఒంట్లో నీరు లాగేసేది.

నిన్న సాయంత్రం ఫోన్లో ఒకే సంగతి రెండుసార్లు చెప్పారు, మొదటిసారి చెప్పినట్టే గుర్తులేదు. అది వయసో, ఎండో తేల్చుకోలేక రాత్రంతా నిద్రపోలేదు. ఇవాళ పొద్దున మళ్లీ మామూలుగానే ఉన్నారు. నా దగ్గరికి రమ్మంటే రారు. దూరం నుంచి నేను ఏం కనిపెట్టుకుని ఉండాలి? ఆయనతో ఏం చేయించాలి?

పాత నర్సు

అమ్మా, ఇరవై రెండేళ్లు ఎమర్జెన్సీ వార్డులో చేశాను. మీరు రాసింది చదవగానే జవాబు రాయకుండా ఉండలేకపోయాను. ఆ రెండుసార్లు చెప్పడాన్ని వయసు మీదకు నెట్టేయకండి. ఎండాకాలంలో పెద్దవాళ్ల మాటలో కొత్తగా తేడా వచ్చిందంటే, కాదని తేలేదాకా అది ఎండ వల్లే అనుకోవాలి.

నాన్నగారు అబద్ధం చెప్పడం లేదు. వయసు మీద పడ్డాక దాహం నిజంగానే తగ్గిపోతుంది. ఒంట్లో నీరు తగ్గినా నోరు అడగదు. చెమట కూడా మునుపటిలా పట్టదు. దానికి తోడు ఆ మాత్ర. అలాగని మీరుగా మాన్పించవద్దు, అదీ ప్రమాదమే. ఇవాళే ఆయన డాక్టరుకు ఫోన్ చేసి, ఎండలు ఇలా ఉన్నాయి, మాట తడబడింది, మోతాదు మార్చాలా, రోజుకు ఎంత నీరు తాగొచ్చు అని అడగండి. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు నీటికీ లెక్క ఉంటుంది.

కిటికీల సంగతి. బయట 43 ఉన్నప్పుడు కిటికీ తెరిస్తే వచ్చేది గాలి కాదు, సెగ. పొద్దున ఎండెక్కక ముందే మూసి కర్టెన్లు వేయాలి, రాత్రి బయట చల్లబడ్డాకే తెరవాలి. మనిషి చర్మం సుమారు 35 డిగ్రీలుంటుంది. గదిలో గాలి అంతకన్నా వేడిగా ఉంటే ఫ్యాన్ ఆ వేడినే ఒంటి మీదకు తోస్తుంది. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడేది, పెద్దవాళ్లకు ఆ చెమటే తక్కువ. గది 40 దాటితే ఫ్యాన్‌ను నమ్ముకోకూడదు. చేతులు, మెడ, కాళ్లు తడిగుడ్డతో తుడుచుకుంటూ ఉండమనండి, అప్పుడు చెమట చేయాల్సిన పని ఆ తడి చేస్తుంది.

"తాగావా" అని అడిగితే "తాగాను" అనే అంటారు. అలా కాకుండా గదిలో థర్మామీటర్ పెట్టించి అంకె చదవమనండి. పొద్దుటి నుంచి మూత్రానికి ఎన్నిసార్లు వెళ్లారో, ఏ రంగులో వచ్చిందో అడగండి. ముదురు పసుపైతే నీరు చాలడం లేదన్నమాట. రోజూ ఒకే వేళకు చేయండి, తడబాటు ఉంటే మీ చెవికే తెలిసిపోతుంది.

నేను మర్చిపోలేని కేసు ఒకటి ఉంది. ఒకాయన్ను సాయంత్రం ఐదింటికి తీసుకొచ్చారు, ఒళ్లు 41.5. ఏదేదో మాట్లాడుతున్నాడు. ఇంట్లోవాళ్లు మధ్యాహ్నమే చూశారు, కానీ "చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదు" అనుకుని జ్వరం మాత్ర వేసి పడుకోబెట్టారు. ఆయన దక్కలేదు. చెమట పడుతున్నా వడదెబ్బ తగలొచ్చు. ఇంకో సంగతి, జ్వరం మాత్ర దీనికి పనిచేయదు. జ్వరంలో మెదడే వేడి పెంచమంటుంది, మాత్ర ఆ ఆజ్ఞను ఆపుతుంది. వడదెబ్బలో అలాంటి ఆజ్ఞే ఉండదు, వేడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది, అంతే. అలాంటప్పుడు కాలేయానికీ ఆ మాత్ర మంచిది కాదు.

ఒళ్లు కాలిపోతూ మాట పొంతన తప్పినా, తూలినా, స్పృహ తప్పినా అంబులెన్సును పిలిచి, అది వచ్చేలోపే చల్లబరచడం మొదలుపెట్టాలి. బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసరాలి. మెడకు, చంకల్లో, గజ్జల్లో ఐస్ పెట్టాలి. స్పృహ సరిగ్గా లేనివాళ్ల నోట్లో మాత్రం నీళ్లు పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

1995 జులైలో అమెరికాలోని షికాగోలో వడగాలులకు 700 మందికి పైగా చనిపోయారు. ఎవరికి ముప్పు ఎక్కువైందో తర్వాత పరిశీలిస్తే, ఒంటరిగా ఉండేవాళ్లు, ఇల్లు కదలనివాళ్లు, పై అంతస్తులో ఉండేవాళ్లు. మిమ్మల్ని భయపెట్టాలని కాదమ్మా, మీ నాన్నగారికి ఈ మూడూ ఉన్నాయని చెబుతున్నాను. పగటిపూట రెండు మూడు గంటలైనా చల్లగా ఉన్న చోట ఆయన్ను కూర్చోబెట్టే దారి చూడండి. కింది అంతస్తువాళ్ల ఇల్లయినా సరే.

ఇటుక మీద ఇటుక

నర్సమ్మగారు చెప్పాక నేను చెప్పడానికి పెద్దగా లేదు. బిల్డింగ్ పనులు చేయిస్తాను. మా దగ్గర పడిపోయేది ఎక్కువగా కొత్తగా చేరినవాళ్లే, అదీ మొదటి రెండు మూడు రోజుల్లో. ఒళ్లు ఎండకు అలవాటు పడాలంటే వారం నుంచి రెండు వారాలు పడుతుంది. అందుకే ఎండలు ఒక్కసారిగా ముదిరిన ఈ రోజుల్లోనే ఆయన్ను గట్టిగా కనిపెట్టుకోండి. మేం ఇద్దరిద్దరిని జత వేస్తాం. తనకు తల తిరుగుతోందని మనిషికి తెలిసేలోపే పక్కవాడికి తెలుస్తుంది. నాన్నగారికీ రోజుకు రెండుసార్లు తలుపు తట్టే పక్కింటి మనిషి ఒకరు కావాలి.

నీలిగాలి

ఇద్దరికీ దండాలు. నిన్ననే వెళ్లాను. రాత్రి తొమ్మిదింటికి కూడా గదిలో 38 చూపించింది, అది చూసి నాన్న కూడా మాట్లాడలేదు. డాక్టరు రక్తపరీక్ష చేయించారు. సోడియం తక్కువుందని ఆ మాత్ర మార్చారు, నీళ్ల లెక్క రాసిచ్చారు. మొదటి అంతస్తులో ఆయన పాత స్నేహితుడు ఉన్నారు, పన్నెండు నుంచి నాలుగు దాకా ఇద్దరూ అక్కడే ఉంటామన్నారు.

ఒక్కటి అడగాలి. సాయంత్రం ఉన్నట్టుండి మబ్బు కమ్మి ఈదురుగాలి లేచింది. నేను వద్దంటున్నా, చల్లగాలి తగులుతుందని నాన్న పైకప్పు మీదికి వెళ్లిపోయారు. ఉరుములు దూరంగానే వినబడ్డాయి. అది పరవాలేదా?

ఇటుక మీద ఇటుక

వద్దండీ, అస్సలు వద్దు. ఉరుము చెవిన పడిందంటే పిడుగు మీ దాకా రాగలదన్నమాటే. పొద్దంతా నేల కాగితే ఆ వేడిగాలే పైకి లేచి సాయంత్రానికి మబ్బవుతుంది. వాన మొదలవక ముందే పిడుగు పడొచ్చు. మెరుపుకీ ఉరుముకీ మధ్య మూడు సెకన్లయితే సుమారు కిలోమీటరు దూరం. మేమైతే లెక్కపెట్టుకుంటూ నిలబడం, మొదటి ఉరుముకే అందరినీ కిందికి దింపేస్తాం. చివరి ఉరుము వినబడ్డాక అరగంట దాకా ఎవరూ పైకి ఎక్కరు. నాన్నగారికి చల్లగాలే కావాలంటే, ఉరుములు పూర్తిగా ఆగి అరగంట గడిచాక కిటికీలు తెరిచిపెట్టండి.