మహేంద్రగిరి గుళ్లు పాండవులు కట్టారా, గంగరాజులు కట్టారా? బోర్డు మీద ఏం రాయాలి?

పర్లాకిమిడి కుర్రాడు:
శివరాత్రికి ఒడిశాలోని మహేంద్రగిరి కొండ ఎక్కాం. భీముడి గుడి ముందు మా బ్యాచ్‌లో పెద్ద వాదనే అయింది. ఇవి కళింగాన్ని ఏలిన గంగరాజుల కాలం నాటి గుళ్లని బోర్డు పెట్టాలని నేనన్నాను. పెడితే జనానికి గురి పోతుందని మావాళ్లు. మీరేమంటారు?

బరంపురం పిన్ని:
వద్దు బాబూ. భీముడు ఒక్కడే ఆ రాళ్లెత్తి పేర్చాడని మా అమ్మమ్మ చెప్పేది. ఆ దిమ్మెలు చూస్తే ఎవరికైనా అదే అనిపిస్తుంది. కొండ మీద చలిలో వణుకుతూ జాగారం చేసేవాళ్లకు ఏ రాజు, ఏ శతాబ్దం అన్న లెక్కలెందుకు? బోర్డు చదివి పిల్లలు ‘అయితే అమ్మమ్మ చెప్పింది అబద్ధమా?’ అని అడిగితే ఏం చెప్పను?

మందస మాస్టారు:
అమ్మా, అబద్ధం కాదనే చెప్పండి. పరశురాముడు భూమినంతా కశ్యపుడికి దానమిచ్చి మహేంద్రగిరి చేరాడని భారతం చెబుతుంది. అరణ్యపర్వంలో ధర్మరాజు తమ్ముళ్లతో తీర్థయాత్ర చేస్తూ ఈ కొండకే వస్తాడు. పరశురాముడు మునులకు కనిపించేది అష్టమి, చతుర్దశి నాడేనని ఆయన శిష్యుడు అకృతవ్రణుడు చెబితే, చతుర్దశి దాకా ఆగి దర్శనం చేసుకుని వెళ్తాడు. మనం కొండెక్కే శివరాత్రి కూడా చతుర్దశే కదా! నాకైతే ఆ రాత్రి అక్కడ నిలబడితే ఒళ్లు పులకరిస్తుంది. కానీ పాండవులు అక్కడ గుడి కట్టారని భారతంలో లేదు. వచ్చారన్నది పురాణం, కట్టారన్నది తర్వాత జనం అల్లుకున్న కథ. రెండూ మనవే, కలిపేయక్కర్లేదు.

ఇక గంగరాజుల సంగతి. శ్రీకాకుళం వైపు ముఖలింగం రాజధానిగా పాలించిన వీళ్లు తమ తామ్రశాసనాల్లో మహేంద్ర శిఖరం మీది గోకర్ణస్వామికి, అంటే శివుడికి, మొక్కి, ఆ తర్వాతే దానం వివరాలు రాయించారు. పూరీ జగన్నాథుడి పెద్ద గుడి మొదలుపెట్టిన చోడగంగదేవుడిదీ ఆ వంశమే. అంతటి రాజులకు ఇలవేల్పు మన కొండ మీద ఉన్నాడని పిల్లలకు తెలిస్తే గురి పెరుగుతుందే కానీ తగ్గదు. 11వ శతాబ్దంలో తంజావూరు వైపు నుంచి వచ్చిన రాజేంద్రచోళుడి సేన కూడా ఇక్కడ తమిళంలో, సంస్కృతంలో తమ గెలుపు శాసనం చెక్కించి, పక్కన చోళుల గుర్తయిన పులి, రెండు చేపల బొమ్మలు వేయించింది. 1501 మీటర్ల కొండెక్కి మరీ గెలుపు చాటుకున్నారంటే, ఈ చోటు విలువ వాళ్లకు ఎంత బాగా తెలుసో చూడండి. బోర్డు లేకపోవడం వల్లే మనవాళ్లు ఆ అక్షరాల మీద చెయ్యి ఆనించి సెల్ఫీలు దిగుతున్నారు. అది చూస్తే నా కడుపు తరుక్కుపోతుంది.

బరంపురం పిన్ని:
మాస్టారూ, ధర్మరాజు చతుర్దశి దాకా ఆగిన సంగతి నాకు తెలియదు. అది మాత్రం తప్పకుండా రాయించండి. అయినా పైన పాండవుల కథే ఉండాలి, రాజుల సంగతి కింద ఉండాలి. నేను దీని మీద తగ్గను.

గుణుపురం తమ్ముడు:
పైనా కిందా తర్వాత చూసుకోవచ్చు. ముందు రాళ్ల మీద మేకుతో పేర్లు గీకడం ఆపించాలి. భీముడి గుడి గోడ మీద ఒక ప్రేమ జంట పేర్లు, చుట్టూ గుండె బొమ్మ! కుంకుమ, నూనె పూసిన చోట రాయి నల్లబడి చెక్కడమే కనబడట్లేదు. కొండ కింద ఊళ్లలోని సవర గిరిజనులను కూడా ఒకసారి అడగండి. మనం ఏడాదికోసారి వెళ్లి వస్తాం, వాళ్లు రోజూ ఆ కొండనే నమ్ముకుని బతుకుతున్నారు. వాళ్ల కథ లేకుండా బోర్డు ఏమిటి?

పర్లాకిమిడి కుర్రాడు:
ఇది నాకు తట్టలేదు అన్నా. మరి ఏ భాషలో?

మందస మాస్టారు:
కొండ ఒడిశాలో ఉంది, ఒడియా ఎలాగూ ఉంటుంది. శివరాత్రికి శ్రీకాకుళం వైపు నుంచి అంతమంది ఎక్కుతున్నారు కాబట్టి తెలుగు కావాలి. సవర భాష కూడా ఉండాలి. పాండవుల కథ పైన ఉన్నా నాకు అభ్యంతరం లేదు పిన్నిగారూ, గోకర్ణస్వామి పేరు మాత్రం చిన్న అక్షరాల్లో వేస్తే ఒప్పుకోను.