‘ముట్టడికైన ఖర్చులు’: ముందున్నది ‘ఆ’నా, ‘ఏ’నా? లెనిన్‌గ్రాడ్‌కు ముట్టడి సరైన మాటేనా?

మిణుగురు:
శ్రీశ్రీ ‘దేశచరిత్రలు’లో ఒక పాదం కొద్దిరోజులుగా నన్ను వదలడం లేదు. ‘... ముట్టడికైన ఖర్చులు’. దీని ముందున్న అక్షరం ‘ఆ’నా, ‘ఏ’నా? పుస్తకం ఊళ్లో ఉండిపోయింది.

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సేనలు చుట్టుముట్టిన రష్యన్ నగరం లెనిన్‌గ్రాడ్ గురించి చదువుతుండగా ఈ పాదం గుర్తుకొచ్చింది. 1941 నవంబరు 20 నుంచి డిసెంబరు 25 దాకా ఆ నగరంలో కార్మికుడికి రోజుకు 250 గ్రాముల రొట్టె. ఉద్యోగులకు, ఇంటిపట్టున ఉండేవారికి, పిల్లలకు 125 గ్రాములు. అదైనా పూర్తిగా పిండి కాదు, పత్తిచెక్క, సెల్యులోజు కలిపి కాల్చినది. ముట్టడికైన ఖర్చంటే ఇదే కదా అనిపించింది.

అక్కడే ఇంకో సందేహం పుట్టింది. కలెక్టరేట్ ముట్టడి, అసెంబ్లీ ముట్టడి అని రోజూ పత్రికల్లో చూస్తున్నాం. పొద్దున మొదలై మధ్యాహ్నం అరెస్టులతో ముగిసేదీ ముట్టడే, 872 రోజులు సాగినదీ ముట్టడేనా? దీనికి తెలుగులో వేరే మాట ఉండాలి కదా?

పాతపుస్తకం:
‘ఆ’ అండీ. ‘ఈ రాణి ప్రేమ పురాణం, ఆ ముట్టడికైన ఖర్చులు’. ఈ, ఆ జంటగా వస్తాయి. పై చరణంలో ‘ఏ యుద్ధం’, ‘ఏ రాజ్యం’ ఉండడంతో చాలామందికి ఇక్కడా ‘ఏ’ అనే గుర్తుంటుంది.

అయితే ‘ఆ ముట్టడి’ ఏ ముట్టడి? లెనిన్‌గ్రాడ్ మాత్రం కాదు, కవిత అంతకుముందుదే. నా ఉద్దేశంలో అది ట్రోయ్. పక్కనే రాణి ప్రేమ ఉంది చూడండి. ఒక రాణి కోసం పదేళ్లు ఒక నగరం చుట్టూ కూర్చున్న కథ శ్రీశ్రీకి తెలియనిది కాదు.

అరసున్న:
ఒప్పుకోలేను. ‘ఈ ఊరూ ఆ ఊరూ తిరిగాడు’ అంటే రెండు నిర్దిష్టమైన ఊళ్లని అర్థమా? ఇక్కడ ఈ, ఆ అనేవి అనిర్దిష్టంగా వాడినవి. ఏదో ఒక రాణి, ఏదో ఒక ముట్టడి. ఒకవేళ నిజంగానే ఒకదాన్ని ఉద్దేశించి ఉంటే అది మన నేల మీదిదే అయ్యుండాలి. తరువాతి పాదంలో మతలబులు, కైఫీయతులు ఉన్నాయి. కైఫీయతు గ్రీకు మాట కాదు కదా. గ్రామాల్లో కరణాలు చెప్పగా, రాయగా మెకంజీ సేకరించిన గ్రామచరిత్రలు అవి. ఎనిమిది నెలలు సాగిన 1687 నాటి గోల్కొండ ముట్టడి ఖర్చు లెక్కలే కవి మనసులో ఉన్నాయని నేను నమ్ముతాను.

నిఘంటుప్రియ:
మిణుగురు గారి రెండో ప్రశ్నను అందరూ దాటేస్తున్నారు, నాకు ముఖ్యమైనది అదే. ముట్టు అంటే తాకు. ముట్టడి అంటే మీద పడి కోటను తాకడం, గోడలెక్కడం. లెనిన్‌గ్రాడ్‌లో జరిగింది దానికి పూర్తిగా విరుద్ధం. 1941 సెప్టెంబరు 8న ష్లిస్సెల్‌బుర్గ్ జర్మన్ల చేతికి చిక్కడంతో నగరానికి నేలదారులన్నీ మూసుకుపోయాయి. ఆ నెలలోనే హిట్లర్ తన నిర్ణయం చెప్పేశాడు. ఆ నగరం భూమి మీద ఉండకూడదు. లోపలికి వెళ్లనక్కర్లేదు. అక్టోబరు 7 నాటి ఆదేశం ఇంకా స్పష్టం: వాళ్లంతట వాళ్లు లొంగిపోతామన్నా అంగీకరించవద్దు. లొంగుబాటును తీసుకుంటే అన్నం పెట్టాల్సి వస్తుందన్నదే వాళ్ల లెక్క.

కోటను ముట్టడించేవాడికి కోట కావాలి. వీళ్లకు నగరం అక్కర్లేదు, అందులోని మనుషులు లేకుండా పోవడమే కావాలి. అందుకే దీన్ని ‘దిగ్బంధం’ అనాలంటాను. రష్యన్లు కూడా బ్లొకాదా అంటారు, బతికి బయటపడ్డవారిని బ్లొకాద్నిక్‌లంటారు.

తాళపత్రం:
నిఘంటుప్రియ గారూ, విషయంలో మీతో ఏకీభవిస్తాను, మాట దగ్గరే పేచీ. స్తోత్రపారాయణకు ముందు న్యాసం చేసుకునేవారినెవరినైనా అడగండి. ‘భూర్భువస్సువరోమితి దిగ్బంధః’ అన్న తరువాతే ధ్యానశ్లోకం. అక్కడ దిక్కులను బంధించేది కీడు లోపలికి రాకుండా. అది రక్ష. అన్నం లోపలికి రాకుండా చేసినదానికి ఆ మాట పెట్టాలంటే నాకు మనసొప్పదు.

అసలు కౌటిల్యుడు ఈ రెంటినీ ఏనాడో విడదీశాడు. అర్థశాస్త్రం పదమూడో అధికరణంలో ‘పర్యుపాసనకర్మ’ వేరు, ‘అవమర్దం’ వేరు. చుట్టూ కూర్చోవడం మొదటిది, మీద పడి తొక్కడం రెండోది. పర్యుపాసనకు ముందు జరగాల్సింది ‘కర్శనం’ అంటాడు, అంటే కృశింపజేయడం. పైరు పాడుచేయమనీ చెప్పాడు, ఆయనేమీ కరుణామూర్తి కాదు. అయినా వెంటనే జనపదానికి అభయమివ్వమంటాడు. జనం లేనిదే జనపదం లేదు, జనపదం లేనిదే రాజ్యం లేదన్నది ఆయన వాదం. లెనిన్‌గ్రాడ్‌లో కర్శనమే మిగిలింది, అభయం లేదు. నన్నడిగితే ‘కర్శనం’ అనే మాటను బతికించుకోవాలి.

అరసున్న:
కర్శనం అంటే పత్రిక చదివేవాడు ‘కర్షణం’ అనుకుని దుక్కి దున్నడం అంటాడు. శ, ష తేడా ఇవాళ ఎవరు పలుకుతున్నారు?

శకటరేఫం:
అందరూ ‘ముట్టు అంటే తాకు’ అనే మెట్టు మీదే నిలబడ్డారు, ఆ మెట్టే గట్టిది కాదు. మన ‘ట్ట’లో రెండు వేర్వేరు పాత ధ్వనులు కలిసిపోయాయి. పక్క భాషలు చూడండి. కన్నడంలో తాకడం ‘ముట్టు’, చుట్టూ కమ్మడం ‘ముత్తు’. అక్కడ కోట ముట్టడిని ‘ముత్తిగె’ అంటారు, ‘ముట్టిగె’ అనరు. తమిళంలో ‘ముఱ్ఱుగై’, మన శకటరేఫ(ఱ)తో. తమిళ ‘ఱ్ఱ’కు కన్నడంలో ‘త్త’, తెలుగులో ‘ట్ట’ రావడం నియమమే: చుఱ్ఱు, సుత్తు, చుట్టు. పుఱ్ఱు, హుత్త, పుట్ట. అదే వరుసలో ముఱ్ఱుగై, ముత్తిగె, ముట్టడి.

అంటే ముట్టడిలో ఉన్న ముట్టు ‘తాకు’ కాదు, ‘చుట్టూ కమ్ము’. ఇంకా సాక్ష్యం కావాలంటే మన ‘చుట్టుముట్టు’ చూడండి. తమిళంలో ‘చుఱ్ఱుముఱ్ఱుం’ అంటే నలువైపులా అనే. కాబట్టి గోడ తాకకుండా చుట్టూ కూర్చుని చంపినా అది ముట్టడే. మిణుగురు గారు నిరభ్యంతరంగా వాడుకోవచ్చు.

నిఘంటుప్రియ:
మీ ధ్వని సూత్రం కాదనను. కానీ ‘తాకు’ నుంచి ‘తాకిడి’ రాలేదా? తాకిడి అంటే దాడే కదా. ముట్టు నుంచి ముట్టడి కూడా అదే బాటలో వచ్చి ఉండవచ్చు. తెలుగు మాటకు అర్థం తెలుగువాడి చెవిలో ఉంటుంది, కన్నడిగుడి నోట్లో కాదు. నా చెవికి ‘ముట్టు’ అంటే తాకడమే.

శకటరేఫం:
తాకిడి, ఒత్తిడి, దోపిడి. అన్నీ ‘ఇడి’ అమ్మా. ఇది మాత్రం ‘అడి’. ముందు ఆ ‘అ’ సంగతి తేల్చండి.

గోదారిగట్టు:
అడి అంటే పాదం, అడుగు. కోట అడుగున ముట్టుకొని విడిది చేయడం ముట్టడి అని మా తెలుగు మాష్టారు చెప్పేవారు.

శకటరేఫం:
మాష్టారి మీద గౌరవంతోనే అంటున్నాను, ఆ లెక్కన సందడి, అలజడి కూడా పాదాల నుంచే పుట్టాలి.

గోదారిగట్టు:
సరే, వ్యుత్పత్తి మీరూ మీరూ తేల్చుకోండి. వరి పండించే చోట పుట్టినవాడిగా నాకు లెనిన్‌గ్రాడ్ అనగానే ఒకే మనిషి కనబడతాడు, ద్మీత్రీ ఇవానోవ్. వావిలోవ్ సంస్థలో వరి విత్తనాల సేకరణ ఆయన చేతిలో ఉండేది. 1942 జనవరిలో ఆకలితో పోయాడు, చేతికందే దూరంలో వరి గింజల పొట్లాలు ఉండగా. వేరుశనగ చూసిన అలెగ్జాండర్ ష్చూకిన్ కూడా తన బల్ల దగ్గరే ప్రాణం విడిచాడు. ఆ విత్తనాల కోసం ప్రపంచమంతా తిరిగిన వావిలోవ్ ఆ సమయంలో సొంత ప్రభుత్వం జైల్లో ఉన్నాడు. 1943 జనవరిలో సరాతోవ్ జైల్లో ఆయనా పోయాడు. గుప్పెడు గింజలు వండుకుంటే ఇంకో పది రోజులు బతికేవాళ్లు. రేపటి పంట కోసం వాటిని ముట్టలేదు. ఆ ‘ముట్టలేదు’లో ఏ శకటరేఫా లేదు గదా శకటరేఫం గారూ?

శకటరేఫం:
లేదండీ. అది అచ్చమైన తాకడమే.

పాతపుస్తకం:
రష్యా ప్రస్తావన వచ్చింది కాబట్టి శ్రీశ్రీ ‘గర్జించు రష్యా’ గురించి ఎవరూ ఎత్తకపోవడం ఆశ్చర్యం. ‘పర్జన్య శంఖం పలికించు రష్యా’ అన్న పాదం చూడండి. పాంచజన్యం అనడం ఏ కవికైనా చేతనవును. ఈయన మేఘాన్నే శంఖం చేశాడు. గర్జించు, పర్జన్య, ఆ ‘ర్జ’ ఒకదాన్నొకటి ఎలా లాక్కొస్తోందో! మహాప్రస్థానం మొత్తంలో రేఫను, అంటే ‘ర’ ధ్వనిని, ఇంత బలంగా మోగించిన చోటు ఇంకొకటి లేదు.

తాళపత్రం:
ఉంది. జగన్నాథ రథచక్రాలు. ‘పతితులార, భ్రష్టులార’ అన్నప్పుడు ఆ రేఫ ఏమైంది?

పాతపుస్తకం:
అక్కడ రేఫ ఏడుస్తుంది, ఇక్కడ గర్జిస్తుంది. రెండూ ఒకటి కావు. దీని మీద వేరే చర్చ పెట్టుకుందాం, నా దగ్గర చెప్పడానికి చాలా ఉంది.

మిణుగురు:
పెద్దలందరూ నేర్పుతున్నారు, సంతోషం. ఒక అనువాదపు చిక్కు కూడా ఇక్కడే అడుగుతాను. లెనిన్‌గ్రాడ్ పిల్ల, పదకొండేళ్ల తాన్యా సావిచెవా చిన్న పుస్తకం గురించి మీకు తెలిసే ఉంటుంది. అక్షరక్రమంలో పేజీలున్న నోటుపుస్తకం అది, అక్కది. ఇంట్లో ఎవరు పోతే వారి పేరు మొదటి అక్షరం ఉన్న పేజీలో రాసుకుంది. ‘ఝ’ను పోలిన రష్యన్ అక్షరం కింద జేన్యా, 1941 డిసెంబరు 28. ‘బ’ కింద బాబుష్కా, అంటే అమ్మమ్మ, 1942 జనవరి 25. ఆ తరువాత ల్యోకా, తండ్రి సోదరులిద్దరు. మే 13న అమ్మ. చివర మూడు పేజీలు: సావిచెవ్‌లు పోయారు. అందరూ పోయారు. తాన్యా ఒక్కతే మిగిలింది.

ఈ మూడు వాక్యాలూ రష్యన్‌లో స, ఉ, ఓ అక్షరాల కింద ఉన్నాయి, ఎందుకంటే చివరి రెండింట్లో క్రియ ముందు వచ్చింది. ‘ఉమెర్లి’, ‘అస్తాలస్’. ఆ రెండోది పలకడం ‘అ’, రాయడం ‘ఓ’. తెలుగులో క్రియ చివర. ‘తాన్యా ఒక్కతే మిగిలింది’ అంటే అది ‘త’ పేజీలోకి వెళ్లిపోతుంది. చనిపోయిన వాళ్ల పేజీల్లోకి ఆ పిల్ల పేరు వెళ్లిపోతుంది. దీన్నెలా దాటాలి?

నిఘంటుప్రియ:
క్రియ ముందు పెట్టండి. ‘పోయారు అందరూ.’ ‘మిగిలింది తాన్యా ఒక్కతే.’ మన మాటల్లో దుఃఖం వచ్చినప్పుడు క్రియ ముందుకు రాదా? ‘వెళ్లిపోయాడమ్మా నా కొడుకు’ అని ఏడుస్తారు. ప, మ అక్షరాల కింద పడుతుంది, తాన్యా పేరు విడిగా ఉంటుంది. ఆ పిల్ల కూడా 1944 జులై 1న పోయిందని గుర్తుంచుకుని అనువదించండి. నగరం నుంచి తరలించిన తరువాత కూడా ఆ ఆకలి విడిచిపెట్టలేదు.

అరసున్న:
మాట గురించి ఇంత పట్టుదల ఎందుకని అనుకునేవారికి ఒక్క విషయం. నగరాన్ని చుట్టిన ఉత్తర సైన్య బృందానికి అధిపతి ఫాన్ లీబ్. అతనూ, ఇతర సేనానులూ నిలబడ్డ నూరెంబర్గ్ విచారణలో 1948లో తీర్పు వచ్చింది. ముట్టడిలో పౌరులను ఆకలితో మాడ్చడం, బయటికి పారిపోతున్నవారిని ఫిరంగులతో వెనక్కి తరమడం అప్పటి యుద్ధన్యాయం ప్రకారం నేరం కాదని న్యాయస్థానం తేల్చింది. చట్టం ఇంకోలా ఉంటే బాగుండేదని అంటూనే తేల్చింది. వేరే అభియోగం మీద లీబ్‌కు మూడేళ్లు పడ్డాయి, అప్పటికే జైల్లో గడిపిన కాలంతో సరిపోయింది. పౌరులను ఆకలితో చంపడం యుద్ధపద్ధతి కాకూడదని జెనీవా ఒప్పందాల అనుబంధంలో రాసుకోవడానికి 1977 దాకా పట్టింది. అదే నూరెంబర్గ్‌లో అంతకుముందు చెప్పిన లెక్క ప్రకారం ఆ నగరంలో ఆకలితో పోయినవారు ఆరు లక్షల ముప్పై రెండు వేలు. తరువాతి చరిత్రకారులు ఎనిమిది లక్షలు, పది లక్షలు అంటున్నారు. ‘ఇది ముట్టడి, ముట్టడులు ఎప్పుడూ ఉన్నవే’ అనే ఒక్క వాదన వెనక అంతమందీ దాగిపోయారు. అందుకే శకటరేఫం గారి వ్యుత్పత్తి ఎంత నిజమైనా, ఆ మాట దగ్గర నాకు అభ్యంతరం ఉంది.

శకటరేఫం:
మీ అభ్యంతరం చట్టంతో, నాది అక్షరంతో. నేరం చేసినవాడి వాదన కోసం నా మాటను వదులుకోను. ముట్టడి అనే అంటాను, దాన్ని నేరమనే అంటాను.

తాళపత్రం:
ఇలా వాదించుకునే బదులు, ఆ రోజుల్లో మనవాళ్లు ఏమన్నారో చూస్తే సరిపోతుంది. ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక ఆ వార్తలు ఏ మాటతో వేశాయి? వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయానికి దగ్గరలో ఉన్నవారెవరైనా పాత సంచికలు చూడగలరా? 1941 సెప్టెంబరు రెండో వారం నుంచి మొదలుపెట్టాలి.

నిఘంటుప్రియ:
వెళ్లేవారు 1943 జనవరి 18 తరువాతి వారం, 1944 జనవరి 27 తరువాతి వారం కూడా చూడాలి. మొదటిది లడోగా సరస్సు దక్షిణపు ఒడ్డున సన్నని దారి తెరుచుకున్న రోజు. రెండోది పూర్తిగా విముక్తి. రష్యన్లు వీటికి రెండు వేర్వేరు క్రియలు వాడతారు. మొదటిదానికి ‘ఛేదించారు’, రెండోదానికి ‘ఎత్తివేశారు’ అని నా ఊహ.

శకటరేఫం:
ముట్టడి ‘ఎత్తివేయడం’ ఇంగ్లీషు వాసన. మనకు ముట్టడి ‘విడుస్తుంది’.

నిఘంటుప్రియ:
విడిచేది గ్రహణం. ముట్టడి తొలగుతుంది.