చర్చ: నెట్ అలవాటు వ్యసనంగా మారిందని ఎలా తెలుస్తుంది? తెలిశాక ఏం చేయాలి?

వేకువ:
రోజుకి ఇన్ని గంటలు దాటితే వ్యసనమే అంటుంటారు. ఆ లెక్క నిలబడుతుందా? గుర్తులు, పనికొచ్చే పద్ధతులు, బెడిసికొట్టేవి ఇక్కడ చెప్పండి.

సాలెగూడు:
గంటలతో తేలదండీ. ఎనిమిది గంటలు ఆన్‌లైన్‌లో పనిచేసి, లాప్‌టాప్ మూసి హాయిగా లేచిపోయేవాళ్లున్నారు. రెండు గంటలే చూసినా, ఆపుదామనుకుంటూ ఆపలేక తెల్లవారుజాము చేసేవాళ్లూ ఉన్నారు. 1990లలో అమెరికా మనస్తత్వవేత్త కింబర్లీ యంగ్ ఎనిమిది ప్రశ్నలు తయారుచేశారు. నెట్‌లో లేనప్పుడూ ధ్యాస అక్కడేనా, తృప్తికి రానురానూ ఎక్కువసేపు కావాలా, తగ్గించబోయి మళ్లీమళ్లీ ఓడిపోతున్నారా, తగ్గిస్తే చిరాకా, అనుకున్నదానికంటే ఎక్కువసేపు ఉండిపోతున్నారా, చదువుకో ఉద్యోగానికో బంధాలకో ముప్పు వచ్చిందా, ఎంతసేపు చూస్తున్నారో దాస్తున్నారా, దిగులు మరచిపోవడానికి అందులోకి వెళ్తున్నారా. అయిదింటికి అవునంటే పట్టించుకోవాలి. నా దృష్టిలో అన్నిటికంటే బరువైనది దాచడం. అబద్ధం మొదలైందంటే, అదుపు తప్పిందని ఆ మనిషికి లోలోపల తెలిసిపోయినట్టే.

అక్షరపల్లకి:
ఒక మాట కలుపుతాను. ఆ ప్రశ్నలతో రోగనిర్ధారణ జరగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అందులో గేమింగ్ డిజార్డర్ ఉంది, ‘ఇంటర్నెట్ వ్యసనం’ అని విడిగా లేదు. ఆట మీద అదుపు పోవడం, మిగతా పనులన్నిటికంటే అదే ముఖ్యమైపోవడం, నష్టం కనిపిస్తున్నా సాగించడం: ఈ మూడూ మామూలుగా 12 నెలలపాటు కనిపించాలి. పరిస్థితి తీవ్రంగా ఉంటే అంతకాలం ఆగక్కర్లేదు.

తోటమాలి:
మొదటి వారం ఏమీ మార్చకండి, కొలవండి చాలు. ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ చూడండి. మొత్తం గంటలకంటే ఫోను ఎన్నిసార్లు తీశారన్న అంకె ఎక్కువ చెబుతుంది. పక్కన ఒక కాగితం పెట్టుకుని మూడు ముక్కలు రాయండి: టైము, ఏ యాప్, దానికి నిమిషం ముందు ఏం జరిగింది. విసుగా, భయమా, మొదలుపెట్టలేని పనా? ఏడు రోజులు రాస్తే అవే రెండుమూడు వేళలు పదేపదే కనిపిస్తాయి. ముందు ఆ వేళల్నే సరిచేయండి. రోజంతా ఒకేసారి మార్చబోతే మూడో రోజుకే చేతులెత్తేస్తారు.

వేకువ:
యాప్ టైమర్ పెట్టుకుంటే సరిపోదా?

సాలెగూడు:
అదొక్కటే నిలవదు. ఐఫోన్‌లో గడువు అయిపోయాక కూడా ‘ఇంకో పదిహేను నిమిషాలు’ అని ఎంచుకునే వీలుంటుంది, రెండుసార్లు నొక్కితే చాలు. స్క్రీన్ టైమ్‌కి పాస్‌కోడ్ ఇంట్లో ఇంకొకరి చేత పెట్టించి, గడువు ముగియగానే బ్లాక్ అయ్యేలా సెట్ చేయండి. ఆండ్రాయిడ్‌లో ఇంకో చిక్కు: టైమర్ అర్ధరాత్రికి మళ్లీ మొదటికొస్తుంది. రాత్రి పన్నెండు దాటాక చూసేవాళ్లకి సరిగ్గా అప్పుడే కొత్త కోటా దొరుకుతుంది! వాళ్లు బెడ్‌టైమ్ మోడ్ (పడుకునే వేళకి ఫోనుని నిశ్శబ్దం చేసే సెట్టింగ్) పెట్టుకోవడం మేలు.

యాప్ తీసేసినవాళ్లు బ్రౌజర్‌లోంచి వెళ్తారు. అక్కడా లాగౌట్ చేసి, సేవ్ చేసిన పాస్‌వర్డ్ చెరిపేయండి. యూట్యూబ్‌లో వాచ్ హిస్టరీ ఆపి, పాతది తుడిచేస్తే హోమ్ పేజీలో సిఫార్సులు రావు. ఆటోప్లే కూడా ఆపండి. ఎంత కిందికి జరిపినా అయిపోని పేజీలో ఆగే చోటు ఉండదు కాబట్టి, ఆగే చోటు మనమే పెట్టుకోవాలి.

నోటిఫికేషన్లన్నీ ఆపేస్తే కొందరు ‘ఏమొచ్చిందో’ అని ఇంకా ఎక్కువసార్లు తీసి చూస్తారు. మనుషుల కాల్స్, మెసేజ్‌లు ఉంచి, యాప్‌లు తమంతట తాము పంపేవి మాత్రం ఆపండి.

పాతరేడియో:
రాత్రికి: ఛార్జర్ పడకగది బయట, అలారానికి విడిగా గడియారం. ‘అర్జెంటు కాల్ వస్తే ఎలా’ అన్న భయంతోనే చాలామంది ఫోను దిండు పక్కకి తెచ్చుకుంటారు. రింగ్ వినపడే దూరంలో ఉంచి, ఫోను మోగకుండా ఆపే డూ నాట్ డిస్టర్బ్ సెట్టింగ్‌లో ముఖ్యమైన నంబర్లకి అనుమతివ్వండి. అదే నంబరు వెంటవెంటనే రెండోసారి చేస్తే మోగే ఏర్పాటూ ఉంది: ఐఫోన్‌లో మూడు నిమిషాల్లోపు, ఆండ్రాయిడ్‌లో పదిహేను నిమిషాల్లోపు.

తోటమాలి:
పిల్లల విషయంలో ఫోను లాక్కోవద్దు. ఆన్‌లైన్ మ్యాచ్‌కి పాజ్ ఉండదు. మధ్యలో లాగితే జట్టంతా ఓడుతుంది, గొడవ అక్కడే పుడుతుంది. ‘ఎనిమిదింటికి ఆపు’ అనేకంటే ‘ఈ మ్యాచ్ అయ్యాక ఆపు, ఇంకోటి మొదలుపెట్టకు’ అని పది నిమిషాల ముందే చెప్పండి. వైఫై రౌటర్‌లో టైము పెట్టినా మొబైల్ డేటా తెరిచి ఉంటే ఉపయోగం లేదు. భోజనం దగ్గర ఫోను వద్దన్న నియమం పెద్దలకీ వర్తించాలి, లేకపోతే అది వారం కూడా నిలవదు.

అక్షరపల్లకి:
డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలో కూడా చెప్పుకోవాలి. పగలు నిద్ర, రాత్రి మెలకువ అయిపోయినా, స్నానం, తిండి మానేస్తున్నా, పరీక్షలనో ఉద్యోగాన్నో ఎగ్గొడుతున్నా ఆలస్యం చేయొద్దు. ఫోను తీసుకుంటే చచ్చిపోతానంటే బెదిరింపని కొట్టిపారేయకుండా, ఒంటరిగా వదలకుండా, ఆ రోజే తీసుకెళ్లండి. అడుగున డిప్రెషన్, ఆందోళన, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, కుదురు నిలవని సమస్య) ఉండొచ్చు, వాటికి చికిత్స ఉంది. నెట్ వ్యసనానికంటూ ప్రత్యేకంగా ఆమోదం పొందిన మందు లేదు. ఆలోచననీ అలవాటునీ కలిపి మార్చే సీబీటీ కౌన్సెలింగ్ ఎక్కువగా వాడతారు.

వేకువ:
తగ్గించాక మిగిలే ఆ ఖాళీ గంటలో ఏం చేయాలి?

పాతరేడియో:
రెండు చేతులకీ పని ఉండేది ఏదైనా: బట్టలు మడతపెట్టడం, బొమ్మ గీయడం, వాద్యం. ముందురోజే తీసి, ఫోను పెట్టే చోటే ఉంచండి. అప్పటికప్పుడు వెతుక్కోవాల్సి వస్తే చెయ్యి ముందు ఫోనుకే వెళ్తుంది.