కూలిపోయిన భవనం ఎందుకు కూలిందో ఎలా తేలుస్తారు?

ప్రశ్న: బరంపురం మాష్టారు

అందరికీ నమస్కారం. నేను బరంపురంలో వాణిజ్యశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఇంజనీరింగు విషయాల్లో నాకు ప్రవేశం లేదు. సాయంత్రాలు మా అపార్టుమెంటు కింద కూర్చునే నలుగురైదుగురి మధ్య వారం రోజులుగా ఒకే వాదం నడుస్తోంది. 2001 సెప్టెంబరు 11న న్యూయార్కులో విమానాలు ఢీకొన్న రెండు టవర్లు కాక, విమానమే తగలని 47 అంతస్తుల మూడో భవనం (7 వరల్డ్ ట్రేడ్ సెంటర్) కూడా ఆ సాయంత్రం 5 గంటల 20 నిమిషాలకు నిట్టనిలువునా దిగిపోయింది. మా మేనల్లుడు ఆ దృశ్యాన్నీ, 2022 ఆగస్టులో నోయిడా జంట భవనాలను మందుగుండుతో కూల్చిన దృశ్యాన్నీ ఒకదాని తరువాత ఒకటి చూపించి, రెండూ ఒకటేనని తీర్మానించాడు. మాలో ఎవరికీ జవాబు తోచలేదు.

అంతా పిండి అయిపోయాక ఇంజనీర్లు కారణాన్ని దేనిలో వెతుకుతారు? శవపరీక్షకు శవమైనా మిగులుతుంది, ఇక్కడ మిగిలేది రాళ్ల గుట్టే కదా. వారు చెప్పేది నిరూపణా, లేక నమ్మదగిన ఊహా?

ఇది కేవలం కాలక్షేపం ప్రశ్న కాదు. మాది ఆరంతస్తుల భవనం. కింద అంతా పార్కింగు, గోపాలపురం వైపునుంచి ఎప్పుడూ ఉప్పుగాలి. పార్కింగులో ఒక పిల్లరు మూలన నిలువుగా పగులు, దాని వెంబడి తుప్పు చారిక కనిపిస్తున్నాయి. అది ప్లాస్టరు పగులేనని చెప్పి బిల్డరు రంగు వేయించి వెళ్లిపోయాడు. రెండు వర్షాకాలాలు గడిచేసరికి ఆ చారిక మళ్లీ పైకి తేలింది.

జవాబు: విశ్రాంత ఇంజనీరు, పర్లాకిమిడి

మాష్టారూ, మీ మేనల్లుడి సందేహం తీసిపారేయవలసినది కాదు. ఆ భవనంపై దర్యాప్తు చేసిన నిస్ట్ అనే అమెరికా ప్రమాణాల సంస్థ 2008 ఆగస్టులో ముసాయిదా విడుదల చేసినప్పుడు, భవనం కొంతసేపు అడ్డేమీ లేకుండా స్వేచ్ఛగా పడిపోయిందన్న సంగతిని అంగీకరించలేదు. ఒక ఉన్నత పాఠశాల భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు వీడియోను కొలిచి ఆక్షేపించాడు. నవంబరులో వచ్చిన తుది నివేదికలో, దాదాపు 8 అంతస్తుల ఎత్తు మేర, 2.25 సెకన్లపాటు, అది స్వేచ్ఛాపతనమేనని రాయక తప్పలేదు. ఈ సంగతి నేను చెప్పడం నిస్ట్‌ను తప్పుపట్టడానికి కాదు. నిపుణుల మాటనైనా కొలతతో నిలదీయవచ్చు, వారు దిద్దుకోవలసి రావచ్చు. దర్యాప్తు మీద నాకు గౌరవం పెరిగింది అక్కడే.

అయితే పతనవేగం ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. ఉత్తర టవరు శకలాలు పడి ఆ భవనం అంటుకుంది. నగరపు నీటి గొట్టం పగలడంతో కింది అంతస్తుల్లో మంటల మీద నీరు చిమ్మే స్ప్రింక్లర్లకు నీరందలేదు. 7 నుంచి 9 వరకూ, 11 నుంచి 13 వరకూ ఉన్న అంతస్తుల్లో మంటలు అదుపు లేకుండా గంటల తరబడి సాగాయి. ఇక్కడే చాలామంది పొరబడతారు: ఉక్కు కరగలేదు, కరగవలసిన అవసరమూ లేదు. వేడికి పొడవాటి దూలాలు సాగాయి. అవి నెట్టగా, 79వ స్తంభం దగ్గర 13వ అంతస్తులోని ప్రధాన దూలం తన ఆనిక మీదినుంచి జారిపోయింది. ఆ నేల కింది నేల మీద, అది దాని కింది నేల మీద పడుతూ 5వ అంతస్తు వరకూ వచ్చాయి. దానితో పక్క ఆధారం లేని 79వ స్తంభం నిలువునా వంగిపోయింది.

దీనికి సాక్ష్యం మీ మేనల్లుడు చూపిన వీడియోలోనే ఉంది. పూర్తి వీడియో తీసి చూడమనండి, చిన్న తునక కాదు. పైకప్పు మీద తూర్పు వైపున్న గది బయటి గోడలకంటే సుమారు 7 సెకన్ల ముందే లోపలికి కుంగిపోతుంది. అంటే బయటినుంచి ‘ఒక్కసారిగా’ కనిపించినదానికి ముందే లోపల సగం కథ ముగిసింది. ఇక పేలుడు సంగతి: ఆ స్తంభాన్ని తెగగొట్టగల మందుగుండు పేలితే అరమైలు దూరంలోనూ 130–140 డెసిబెళ్ల మోత వినబడాలని నిస్ట్ లెక్కకట్టింది, ఏ వీడియోలోనూ అటువంటి మోత లేదు. నోయిడాలో నెలల తరబడి వేలకొద్దీ రంధ్రాలు తొలిచి దాదాపు 3,700 కిలోల మందుగుండు దట్టించారు. మనుషులు పనిచేసుకుంటున్న కార్యాలయంలో ఎవరికంటా పడకుండా ఆ ఏర్పాటు ఎలా జరుగుతుందో మేనల్లుడే చెప్పాలి.

కాబట్టి మీరడిగిన ‘నిరూపణా, ఊహా’ అన్నదానికి నా సమాధానం: ఊహతోనే మొదలవుతుంది. కానీ గడియారం, శబ్దం, ఫొటో, నక్షా, లెక్క అన్నిటికీ కలిపి ఒప్పేది మాత్రమే నిలుస్తుంది. ఒక్కటి కుదరకపోయినా ఆ ఊహను పారేస్తారు. అందుకే రాళ్ల గుట్టకంటే కాగితాలు ఎక్కువ మాట్లాడతాయి. సింగపూరులో 1986 మార్చి 15న ఆరంతస్తుల హోటల్ న్యూ వరల్డ్ కూలి 33 మంది చనిపోయినప్పుడు, గ్యాసు పేలిందనీ, భూమి కింద సొరంగం పని వల్లననీ రకరకాలుగా అనుకున్నారు. చివరకు పాత లెక్కలు విప్పి చూస్తే, రూపకర్త మనుషుల, సామాను బరువులు వేసుకున్నాడు కాని భవనం సొంత బరువును లెక్కలో కలపనేలేదు! అది పదిహేనేళ్ల పాటు ఎలా నిలబడిందన్నదే నాకు ఆశ్చర్యం.

మీ పిల్లరు గురించి రాత్రికి రాస్తాను.

జవాబు: సైటు సూపర్‌వైజరు, రాయగడ

పెద్దాయన చెప్పినది గొప్ప భవనాల సంగతి. మన వైపు భవనాల్లో నేను కళ్లారా చూసినదొకటి చెబుతాను. ఒక సైటులో స్లాబు వేసే ముందు కవర్ బ్లాకులు (కడ్డీ చుట్టూ తగినంత కాంక్రీటు ఉండేలా ఎడం నిలిపే దిమ్మలు) అయిపోతే, కూలీలు కడ్డీల కింద గులకరాళ్లు పెట్టారు. మేస్త్రీ చూశాడు, నేనూ చూశాను, పొద్దుపోయిందని ఊరుకున్నాం. ఏడేళ్ల తరువాత అదే ఇంటికి వేరే పని మీద వెళితే, బీము అడుగున కాంక్రీటు పెచ్చులూడి, కడ్డీ పొట్టు రాలుతూ బయటికి వచ్చి ఉంది. ఊడిన పెచ్చును చేతిలోకి తీసుకుంటే నా బొటనవేలి గోరంత మందం కూడా లేదు. తుప్పు ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక లోపలినుంచి నెట్టి పగలగొడుతుంది. పిల్లరు మూల వెంబడి నిలువు పగులు వచ్చిందంటే అక్కడున్న ప్రధాన కడ్డీ ఉబ్బుతోందని నా అనుమానం.

కింద పార్కింగు అన్నారు కనుక మరొక మాట. 2001 జనవరి 26 భూకంపంలో భుజ్‌కు 200 కిలోమీటర్లకు పైగా దూరమున్న అహమ్మదాబాదులో కూలిన అపార్టుమెంట్లలో చాలావాటికి కింద గోడలు లేని పార్కింగే ఉంది. పైన గోడలన్నీ పెట్టెలా బిగిసి ఉంటే, ఊగుడంతా కింది పిల్లర్ల మీదే పడుతుంది. ఆ పిల్లర్లలో నిలువు కడ్డీలను చుట్టి కట్టే రింగుల కొసలు లోపలికి 135 డిగ్రీలు మలిచి ఉండాలి. 90 డిగ్రీలకే వదిలేస్తే పైపొర కాంక్రీటు రాలిన మరుక్షణం విచ్చుకుంటాయి. వంచడం కష్టమని ఇప్పటికీ మా దగ్గర మానేస్తూనే ఉంటారు.

జవాబు: బరంపురం మాష్టారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. పూర్తి వీడియో చూశాం. పైగది కుంగడం చూసి మేనల్లుడు కాసేపు మాట్లాడలేదు, తరువాత మందుగుండు శబ్దం చెరిపేసి ఉంటారన్నాడు. అతణ్ణి పక్కన పెడదాం. మా సంఘం బీరువా వెతికితే మున్సిపాలిటీ ఆమోదించిన ప్లాను మాత్రమే దొరికింది. పిల్లర్లలో ఎన్ని కడ్డీలున్నాయో చెప్పే నక్షా ఎవరి దగ్గరా లేదు. పైగా, నీళ్లు చాలడం లేదని మేడ మీద 5,000 లీటర్ల రెండో ట్యాంకుకు సంఘం అడ్వాన్సు ఇచ్చేసింది. బోరు నీటిలో ఉప్పు కూడా ఉంది.

జవాబు: విశ్రాంత ఇంజనీరు, పర్లాకిమిడి

ట్యాంకు మాట ముందు. 5,000 లీటర్లంటే నీరే 5 టన్నులు. 1995 జూన్ 29న సియోల్‌లో సంపూంగ్ దుకాణ భవనం కూలి 502 మంది పోయిన కేసులో, కప్పు మీది ఏసీ యంత్రాలను క్రేనుతో ఎత్తకుండా ఈడ్చి జరిపారని తేలింది. అప్పటికే స్తంభాలు నక్షాలో ఉన్నదానికంటే సన్నగా ఉన్నాయి, ఎస్కలేటర్ల కోసం నేలలు కోసేశారు. అక్కడ బీములు లేని స్లాబు, తడిసిన అట్టలోకి మేకు దిగినట్లు, స్తంభాలు దానిని చీల్చుకొని పైకి వచ్చాయి. మీ భవనంలో బీములున్నాయి కనుక అదే జరుగుతుందని భయపెట్టను. కాని దేని మీద పెడుతున్నారో తెలియకుండా ఆ బరువు ఎక్కించకండి.

నక్షా లేకపోయినా తయారు చేయించవచ్చు. కడ్డీల జాడ పట్టే యంత్రంతో పిల్లర్లలో ఏముందో గీయిస్తారు. మూడు నాలుగు చోట్ల కాంక్రీటు కోర్లు, అంటే తొలిచి తీసిన గుండ్రటి ముక్కలు, తీసి బలం చూస్తారు. మూడు కోర్ల సగటు, కోరిన బలంలో 85 శాతానికి తగ్గకూడదు, ఏ ఒక్కటీ 75 శాతానికి దిగకూడదు. కొత్తగా విరిగిన ముఖం మీద ఫినాఫ్తలీన్ అనే రసాయనం చల్లితే, క్షారగుణం నిలిచి ఉన్న కాంక్రీటు గులాబీ రంగుకు తిరుగుతుంది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది, కాని మీ ఊళ్లో ఆ గులాబీ రంగును నమ్మి నిశ్చింతగా ఉండవద్దు: ఉప్పు చేరితే, రంగు తిరిగిన కాంక్రీటులో కూడా కడ్డీ తుప్పుపడుతుంది. అందుకని ఉప్పులో ఉండే క్లోరైడు కాంక్రీటులో ఎంత ఉందో విడిగా పరీక్షించమని అడగండి. కొందరు ఖర్చు తగ్గుతుందని దాన్ని వదిలేస్తారు.

ప్లాస్టరు చెక్కించే రోజున, కడ్డీ బయటపడగానే, పక్కన స్కేలు పెట్టి తేదీ కనిపించేలా ఫొటో తీయండి. ఆ తరువాతే తుప్పు మందు పూయనివ్వండి.

జవాబు: బరంపురం మాష్టారు

ట్యాంకు దుకాణానికి ఫోను చేసి ఆపమన్నాను. అడ్వాన్సులో సగమే తిరిగి ఇస్తానంటున్నాడు. ఆదివారం సంఘం సమావేశానికి పిల్లరు ఫొటోలూ, మీ ఇద్దరి జవాబులూ అచ్చువేయించి తీసుకువెళుతున్నాను.