క్యామ్‌షాఫ్ట్ మార్చాక ఐడిల్ ఊగుతోంది, ట్యూన్‌లో ఏం మార్చాలి?

ప్రశ్న:
1.6 లీటర్ల పెట్రోల్ ఇంజిన్. ఓవర్‌ల్యాప్ (ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వ్‌లు రెండూ ఒకేసారి తెరిచి ఉండే సమయం) ఎక్కువున్న క్యామ్‌షాఫ్ట్ (ఆ వాల్వ్‌లను తెరిచే షాఫ్ట్) వేశాను. అప్పటి నుంచి ఐడిల్ (యాక్సిలరేటర్ నొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) 600 ఆర్‌పీఎంకి పడుతుంది, మళ్లీ 1200కి లేస్తుంది. బండి ఆగిపోతుందేమోనని ఒకటే టెన్షన్. ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) నేనే ట్యూన్ చేస్తున్నాను, ఐడిల్ టార్గెట్ 800. ఎగ్జాస్ట్‌లోని ఆక్సిజన్ సెన్సర్ లీన్ (గాలికి తగ్గ పెట్రోల్ లేదు) అంటోంది, కానీ పెట్రోల్ పెంచేకొద్దీ పొగ కంపు కొడుతోంది.

జవాబు 1:
ముందు వ్యాక్యూమ్ గొట్టాలు చూడండి. లీక్ ఉంటే ఎంత ట్యూన్ చేసినా వృథా.

జవాబు 2:
కంపు కొడుతోందన్నారే, అసలు సంగతి అక్కడే ఉంది. ఓవర్‌ల్యాప్ వల్ల కొంత గాలి కాలకుండానే ఎగ్జాస్ట్‌లోకి పోతుంది. సెన్సర్ ఆ ఆక్సిజన్‌ని చూసి లీన్ అనుకుంటుంది, ఈసీయూ ఇంకా పెట్రోల్ పోస్తుంది. నేను ఇదే తప్పుతో రెండు వారాలు తిప్పలు పడ్డాను. ఐడిల్‌లో క్లోజ్డ్ లూప్ (సెన్సర్ చెప్పినదాన్ని బట్టి ఈసీయూ పెట్రోల్ సర్దడం) ఆపేయండి. టార్గెట్ 950 చేయండి, ఇలాంటి క్యామ్‌కి 800 తక్కువ.
తర్వాత స్పార్క్ టైమింగ్. ఐడిల్ వాల్వ్ గాలిని నెమ్మదిగా మారుస్తుంది, స్పార్క్ వెంటనే పనిచేస్తుంది. అందుకే 15 డిగ్రీల దగ్గర ఉంచి, ఆర్‌పీఎం పడితే కాస్త అడ్వాన్స్ (స్పార్క్ ముందుగా), పెరిగితే రిటార్డ్ (ఆలస్యంగా) అయ్యేలా పెట్టండి. ఐడిల్ వాల్వ్ గెయిన్ (ఆర్‌పీఎం మారితే వాల్వ్ ఎంత గట్టిగా స్పందించాలో చెప్పే సెట్టింగ్) తగ్గించండి. ఒక్కోసారి ఒక్కటే మార్చండి, దయచేసి.

ప్రశ్న అడిగినవారు:
లీక్ లేదండీ. క్లోజ్డ్ లూప్ ఆపగానే సగం ఊగుడు పోయింది! టైమింగ్ కూడా సర్దాక 930-970 మధ్యే నిలబడుతోంది. ఏసీ వేస్తే మాత్రం ఒక్కసారి కుంగుతోంది.

జవాబు 2:
ఏసీ క్లచ్ పడేముందే ఐడిల్ వాల్వ్ కొంచెం తెరుచుకునేలా సెట్టింగ్ ఉంటుంది, అది పెంచండి.